తప్పంతా ఎర్ర దీపానిదే

హైదరాబాదు నుంచి బెజవాడకు రైల్లో వెళ్లేవాళ్లలో రాయనపాడులో దిగేవాళ్లు ఎందరుంటారో గానీ, రాయనపాడును తీరిగ్గా చూడనివాళ్లు మాత్రం ఉండరు. విశాఖ వెళ్లేవాళ్లకు దువ్వాడతో అలాంటి చుట్టరికమే. కాజీపేట మీదుగా సికింద్రాబాదు వచ్చేవాళ్లకు మౌలాలి గుట్ట మీది బండలు పేరుపేరునా తెలుసు. టికెట్టు కొనకపోయినా రైల్వేవారు ఉచితంగా చూపించే ఊళ్లివి. దిగాల్సిన స్టేషను ఇంకో పది నిమిషాల్లో వస్తుందనగా జనం సీట్ల కిందినుంచి సూట్‌కేసులు లాగుతారు, దుప్పట్లు మడతపెడతారు, పిల్లాడి రెండో చెప్పు కోసం వెతుకుతారు, తలుపు దగ్గర వరుస కడతారు. సరిగ్గా అప్పుడే బండి బుస్సుమని ఆగుతుంది. ఫోన్లు మోగుతాయి. "వచ్చేశాం, ఔటర్‌లో ఉన్నాం" అని అందరూ ఒకటే పాట. అరగంట క్రితం అది నిజం. ఇప్పుడూ నిజమే. ఇంకో అరగంటకు కూడా నిజం కావడానికి దానికేమీ అభ్యంతరం లేదు.

"క్రాసింగ్ అయివుంటుంది" అంటారు కిటికీ పక్క పెద్దాయన. డబుల్ లైన్ మీద క్రాసింగేమిటి బాబాయ్‌గారూ అంటే నొచ్చుకుంటారు; సింగిల్ లైన్ రోజుల్లో నేర్చిన విద్య, అంత తొందరగా వదలదు. పై బెర్తు కుర్రాడు ఫోనులో యాప్ చూసి, మనం స్టేషనుకు చేరి అప్పుడే ఏడు నిమిషాలైందని ప్రకటిస్తాడు. చివరికి నల్లకోటు టీటీఈగారు అటుగా వచ్చి తీర్పు చెబుతారు: "సిగ్నల్ ప్రాబ్లమ్ అండీ." దాంతో పెట్టెలో శాంతి నెలకొంటుంది. ఇక అడగడానికేముంది? తిట్టడానికి మనిషి లేడు. నిలదీయడానికి ఆఫీసు లేదు. ఎక్కడో చీకట్లో ఓ స్తంభం, దాని మీద ఓ ఎర్ర దీపం. తప్పంతా దానిదే.

ఆ దీపం తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. దానికి నోరు లేదు, యూనియన్ లేదు, పత్రికా ప్రకటన ఇచ్చే పీఆర్వో లేడు. పైగా ఇంత పెద్ద సంస్థలో తనకు తెలియనిది తెలియదని ఒప్పుకునే ఉద్యోగి, నా ఎరుకలో, అదొక్కటే.

సిగ్నల్ చెడిపోయిందంటే బల్బు మాడిందని అనుకుంటాం. అసలు కథ పట్టాల్లో ఉంది. స్టేషన్ల దగ్గర పట్టాలను ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో కొద్దిపాటి కరెంటు పారిస్తారు. ఒక చివర బ్యాటరీ, రెండో చివర రిలే. ఆ కాస్త కరెంటు అందుతున్నంతసేపు రిలే లేచి నిలబడుతుంది. దారి ఖాళీ అన్నమాట. రైలొచ్చి చక్రం మోపగానే కరెంటు ఇరుసులోంచి అడ్డదారి పడుతుంది. రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. 1872లో విలియం రాబిన్సన్ అనే అమెరికన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన తెలివంతా ఒక్క చోట ఉంది. రైలు వచ్చినా రిలే పడుతుంది, తీగ తెగినా పడుతుంది. బ్యాటరీ అయిపోయినా, పట్టా విరిగినా, వానకు కంకర నానిపోయి కరెంటు నేలలోకి కారిపోయినా పడుతుంది. ఏ అనుమానం వచ్చినా జవాబు ఒకటే: ఎరుపు. ఆఖరికి దీపం పూర్తిగా ఆరిపోయినా సరే, ఆగాల్సిన సిగ్నల్ దగ్గర లోకో పైలట్ దాన్ని ఎరుపుగానే లెక్కగట్టాలని రూలు.

అంటే ఈ యంత్రం చెడిపోయినా మంచివైపుకే చెడిపోతుంది. నాకు సరిగ్గా తెలియడం లేదు, తెలిసేదాకా కదలకండి అంటుంది. ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడని మనకో సామెత. ఇక్కడ మద్దెలే ముందుకొచ్చి అయ్యా నేను ఓడును, నన్ను నమ్మి ఆడకండి అని మొత్తుకుంటోంది. ఆ మద్దెలను పట్టుకుని తన్నడం మన వంతు.

ఈ లెక్కన ఔటర్‌లో మన అరగంట ఎందుకు పోయిందో కూడా చూద్దాం. రిలే పడిపోయిన క్షణంలో స్టేషను మాస్టరు ముందున్న ప్యానెల్ మీద ఖాళీ దారి ఎర్రబారుతుంది. అక్కడ రైలు లేదని ఆయనకు తెలుసు, కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. కానీ తెలిసినంత మాత్రాన పంపకూడదు. సిగ్నల్ మెయింటెయినర్‌కు కబురు పెట్టాలి. ఆయన ఇంకో స్టేషన్లో ఇంకో రిలే బాగు చేస్తుంటాడు. మెమో రాయాలి. పాయింట్స్‌మన్ చేత్తో దీపం పట్టుకుని కంకర మీద నడిచివెళ్లి, పట్టాలు దారి మారే పాయింటు సరిగ్గా అతుక్కుందో లేదో చూసి, క్లాంపు బిగించి తాళం వేయాలి. ఆగివున్న లోకో పైలట్‌కు టీ/369(3బి) అనే కాగితం అందాలి. ఫలానా ఎర్ర సిగ్నల్‌ను నువ్వు దాటవచ్చు అని రాతపూర్వకమైన అనుమతి. అది చేతిలో పడ్డాక ఇంజన్ 15 కిలోమీటర్ల వేగంతో, పెళ్లి ఊరేగింపులా కదులుతుంది. ఈ తతంగమంతా వెనకున్న బండికి మళ్లీ మొదటినుంచి. దాని వెనకదానికి మళ్లీ. గంట గడిచేసరికి రాయనపాడు నుంచి కొండపల్లి దాకా బళ్లు వరస కట్టి నిలబడతాయి. ప్రతి బండిలోనూ ఓ పెద్దాయన క్రాసింగ్ అనే చెబుతుంటారు.

వానలో ఆ నడిచే మనిషిని నేను వెక్కిరించను. ఇంత కథలో పని చేస్తున్నది ఆ దీపమూ, ఆ దీపం దగ్గరికి నడిచేవాడూ మాత్రమే. మిగతా కథ మర్నాడు పొద్దున్న, ఏసీ గదిలో మొదలవుతుంది.

నిన్న ఏ బండి ఎన్ని నిమిషాలు పోగొట్టుకుందో, ఆ నిమిషాలు ఏ శాఖ పద్దులో రాయాలో తేల్చే సభ అది. సిగ్నల్ ఎందుకు చెడిందన్నది అక్కడ రెండో ప్రశ్న. ఎవరి పద్దు అన్నదే మొదటిది. పట్టాల ముక్కలను కరెంటు కలవకుండా విడదీసే గ్లూడ్ జాయింటు పాడైందనుకోండి. అతుకులో పోయింది కరెంటు కాబట్టి సిగ్నల్ శాఖవారిదని ఇంజనీరింగువారు అంటారు. కరెంటు పోయింది మీ పట్టా ఇనుప రజను వల్ల కాబట్టి మీదేనని సిగ్నల్‌వారు అంటారు. బండిని లూప్‌లో పెట్టి ఇంకో బండిని ముందు పంపింది ఆపరేటింగువారు గనుక చివరి పన్నెండు నిమిషాలూ వారివేనని ఇద్దరూ కలిసి అంటారు. రిలే గదిలో ఎలుక తీగ కొరికిందని తేలిందంటే ఆ పూట పండగే. ఎలుక ఏ శాఖకూ చెందదు, దానికి చార్జిషీటు ఇవ్వనక్కర్లేదు, మూడు శాఖల సంతకాలూ క్షణంలో పడతాయి.

ఎలుక దొరకనప్పుడు జేసీబీ ఉంది. మూడో లైను కోసమో, గోడ కోసమో తవ్వుతారు. కింద కేబుల్ తెగుతుంది. కేబుల్ ఎక్కడుందో చూపే పటం ఉంటుంది. ఆ పటంలో గీసిన చోట తప్ప మిగతా అన్ని చోట్లా కేబుల్ ఉంటుందని జేసీబీ నడిపేవాళ్లు అనుభవం మీద గ్రహించారు. ఇక ముందే చెప్పి ఆపడం ఇంకో ముచ్చట: "నాన్ ఇంటర్‌లాకింగ్ పనుల కారణంగా" అని పత్రికలో పడితే, ఆ వాక్యంలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా తెలుగువాడు మారుమాట్లాడకుండా బస్టాండుకు వెళ్లిపోతాడు. మంత్రం అర్థమైతే దానికి అంత మహిమ ఉండదేమో.

ఆలస్యాన్ని తగ్గించాలంటే తీగలు మార్చాలి, మనుషులను పెంచాలి. ఆలస్యాన్ని లెక్కలో కనిపించకుండా చేయడానికి టైంటేబుల్ చాలు. చివరి స్టేషనుకు ముందు ముక్కలో అవసరానికి మించి సమయం కేటాయిస్తారు. దానికి రికవరీ టైమనీ, అలవెన్సులనీ మర్యాదైన పేర్లున్నాయి. దారి పొడుగునా గంటంబావు లేటుగా నడిచిన బండి ఆఖరి ఇరవై కిలోమీటర్లలో ఏ మహిమ వల్లనో వేళకు చేరిపోతుంది. రాత్రి రెండున్నరకు రావాల్సిన బండి కోసం నడిమధ్య స్టేషన్లో ముసలి తల్లిని కూర్చోబెట్టుకుని మూడు ముప్పావు దాకా దోమలు కొట్టుకున్నవాడి గోడు ఏ పద్దులోనూ లేదు. సమయపాలనను గమ్యస్థానం దగ్గర మాత్రమే కొలుస్తున్నారని, మధ్య స్టేషన్లను పట్టించుకోవడం లేదని 2022లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదికే ఎత్తిచూపింది. 2008 నుంచి 2019 వరకు రెండున్నర లక్షల కోట్లు ఖర్చు పెట్టినా రైళ్ల కదలికలో అనుకున్న ఫలితం రాలేదని కూడా అందులోనే రాసింది. గంటకు సగటున 55 కిలోమీటర్లు నడిస్తే చాలు, మన దేశంలో బండి సూపర్‌ఫాస్ట్ అయిపోతుంది. టైంటేబుల్లో ఆ మాత్రం కూడా లేని సూపర్‌ఫాస్టులు ఉన్నాయని కాగ్ పట్టుకుంది. స్లీపరుకు 30 రూపాయల సూపర్‌ఫాస్ట్ చార్జీ మాత్రం ఎన్నడూ లేటు కాలేదు; టికెట్టు కొన్న క్షణంలోనే బయల్దేరి క్షణంలోనే చేరుతుంది.

అలాగని మన రైల్వే నూటికి నూరు మార్కులు తెచ్చుకోలేదనకండి. తెచ్చుకుంది. 2020 జులై 1న. చరిత్రలో మొట్టమొదటిసారి దేశంలోని రైళ్లన్నీ వేళకు నడిచాయని రైల్వేవారు సగర్వంగా ప్రకటించారు. అంతకు వారం రోజుల ముందు ఒకే ఒక్క బండి ఆలస్యమై 99.54 దగ్గర ఆగిపోయిన రికార్డు ఆనాడు బద్దలైంది. ఆరోజు నడిచినవి 201 రైళ్లు. మామూలు రోజుల్లో ప్రయాణికుల బళ్లు 13,000 దాకా ఉంటాయి. కరోనాకు భయపడి దేశం ఇంట్లో కూర్చుని గిన్నెలు తోముకుంటున్న రోజులవి. రైళ్లు సరిగ్గా నడవకపోవడానికి అసలు కారణం రైళ్లూ ప్రయాణికులేనని ఆ జులైలో శాస్త్రీయంగా రుజువైంది.

ఇక పోయిన సమయానికి విలువ ఎంత? దీనికీ ఒక తీర్పు ఉంది. 2016 జూన్‌లో అజ్మేర్–జమ్మూ ఎక్స్‌ప్రెస్ నాలుగు గంటలు ఆలస్యం కావడంతో ఓ కుటుంబం జమ్మూలో శ్రీనగర్ విమానం పోగొట్టుకుంది. టాక్సీ కట్టించుకుని వెళ్లారు. తర్వాత వినియోగదారుల ఫోరానికెక్కారు. జిల్లాలో గెలిచారు, రాష్ట్రంలో గెలిచారు, జాతీయ కమిషన్లో గెలిచారు. రైల్వేవారు మాత్రం పట్టు విడవకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. రైలు ఆలస్యమైతే సేవాలోపం అనడానికి వీల్లేదని, తమ టారిఫ్ పుస్తకంలో 114, 115 రూళ్లు అలాగే చెబుతున్నాయని వాదించారు. వేళకు నడుపుతామని మేమెప్పుడన్నాం అని దాని భావం. టైంటేబుల్ పుస్తకాన్ని ఇన్నాళ్లూ మనం వాగ్దానమనుకున్నాం. అది కవి సమయమట. 2021 సెప్టెంబరులో కోర్టు ఆ వాదనను తోసేసింది. ఆలస్యం తమ చేతిలో లేని కారణం వల్లనని రైల్వే చూపించుకోవాలని, లేకపోతే కట్టాలని చెప్పింది. కట్టాల్సింది కొన్ని వేల రూపాయలు. నాలుగు గంటల ఆలస్యం తేలడానికి ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లూ ఏ ఔటర్‌లో ఆగాయని ఎవరూ అడగలేదు.

మిగతా మనందరికీ ఇంకో సదుపాయముంది. మీరెక్కే స్టేషనుకు బండి మూడు గంటలకు మించి లేటైతే టికెట్టు డబ్బు పూర్తిగా వాపసు. షరతు ఒకటే, మీరు ఆ బండి ఎక్కకూడదు. ఆకలేసిందన్నవాడికి, భోజనం మానేస్తే బిల్లు మాఫీ అన్నట్టు. 2019లో తేజస్ రైలుకు గంట దాటితే 100, రెండు గంటలు దాటితే 250 రూపాయలు ఇస్తామని ఐఆర్‌సీటీసీ కొత్త సంప్రదాయం ప్రారంభించింది. 2024లో చడీచప్పుడు లేకుండా మానేసింది. నిజంగానే ఇవ్వాల్సి వస్తోందని గ్రహించి ఉంటారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు.

ఆటోమేటిక్ సిగ్నళ్లున్న లైను మీద ఎరుపు కనిపిస్తే లోకో పైలట్ పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగాలి. తర్వాత ముందు ఏముందో చూసుకుంటూ, పగలు 15, రాత్రి 10 కిలోమీటర్లు మించకుండా పోవాలి. రూలు పుస్తకంలో చక్కగా ఉంది. అయితే ఆ సిగ్నళ్లే వరసగా చెడిపోయి ఉంటే, వెనక బళ్లు కాచుకుని ఉంటే, కంట్రోలు ఫోన్లు మోగుతుంటే, నిన్నటి నిమిషాల పద్దు ఇంకా తేలకుండా ఉంటే ఏమవుతుందో రూలు పుస్తకంలో లేదు. విజయనగరం జిల్లాలో ఉంది.

2023 అక్టోబరు 29, ఆదివారం. కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖ–పలాస ప్యాసింజరు మెల్లగా పోతోంది. చీకటిపడ్డాక వెనకనుంచి విశాఖ–రాయగడ ప్యాసింజరు వచ్చి ఢీకొంది. 14 మంది చనిపోయారు. ఆ దారిలో రెండు ఆటో సిగ్నళ్లు చెడిపోయి ఉన్నాయి. రాయగడ బండి వాటిని నియమం తప్పి దాటిందని, ఇది మానవ తప్పిదమని రైల్వేవారు గంటల్లో తేల్చేశారు. సిగ్నల్ బాగుచేయడంలో అంత వేగం ఎన్నడైనా చూశామా? తేల్చడానికి వీలుగా లోకో పైలట్ కూడా చనిపోయాడు. నాలుగు నెలలు పోయాక రైల్వే మంత్రిగారు ఇంకో వివరం చేర్చారు: ఆ లోకో పైలట్, సహాయకుడు ఫోనులో క్రికెట్ చూస్తున్నారట. నిజమే, ఆ సాయంత్రం ఇండియాకు ఇంగ్లండుతో ప్రపంచకప్ మ్యాచి ఉంది. దాంతో దేశమంతా ఫోను గురించి మాట్లాడింది. రెండు సిగ్నళ్లు ఎందుకు చెడ్డాయి, ఎప్పటినుంచి చెడి ఉన్నాయి, చెడిన దారిలో ఒకదాని వెనక ఒకటి బళ్లను ఎవరు పంపారు అన్న ప్రశ్నలు స్కోరుబోర్డు వెనక్కి వెళ్లిపోయాయి.

ఏడాది తిరగకుండానే ఇంకోసారి. 2024 జూన్ 17, ఉత్తర బెంగాల్లో రంగాపాని దగ్గర. పొద్దున 5:50 నుంచి ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయడం లేదు. స్టేషన్లో టీ/ఏ 912 అనే కాగితం రాసి ఒక్కో బండినీ పంపుతున్నారు. పాడైన సిగ్నళ్లను ఎరుపున్నా దాటేయవచ్చని దాని సారాంశం. ఆగి నిలబడ్డ కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను వెనకనుంచి గూడ్సు గుద్దింది. పది మంది పోయారు. గూడ్సు లోకో పైలట్ సిగ్నల్ ఖాతరు చేయలేదని ఢిల్లీలో రైల్వే బోర్డు ఆ మధ్యాహ్నానికే చెప్పేసింది. ఆయనా బతికి లేడు. తర్వాత సేఫ్టీ కమిషనర్ విచారణలో ఒక సంగతి బయటపడింది. ఆ పొద్దున ఆ కాగితం పట్టుకుని వెళ్లిన బళ్లలో, ప్రతి పాడైన సిగ్నల్ దగ్గరా నిమిషం ఆగుతూ 15కు మించకుండా నడిచినది కాంచన్‌జంగా ఒక్కటే. మిగతావేవీ పాటించలేదు. కాగితంలో ఎంత వేగంతో పోవాలో రాయలేదు; అలాంటప్పుడు ఏం చేయాలో లోకో పైలట్లకూ స్టేషను మాస్టర్లకూ సరిగ్గా నేర్పనూ లేదు. అందరూ తప్పే దారిలో ఒక్కడు రూలు పాటిస్తే, వెనకనుంచి గుద్దించుకునేవాడు వాడే.

గమనించారా, రెండుచోట్లా దీపం ఎర్రగానే ఉంది. తన పని తాను చేసింది. చెడిపోయాను, ఆగండి అంది. రంగాపానిలోనైతే పైవాళ్లు దాని మాట మీద కాగితం కప్పి బండిని పంపించారు.

కాగితం కప్పడం ఒక పద్ధతి. తీగ మార్చడం ఇంకో పద్ధతి. అది మరీ నాజూకైన పని. 2023 ఫిబ్రవరి 8న కర్ణాటకలో హోసదుర్గ రోడ్ స్టేషన్లో ఒక ఎక్స్‌ప్రెస్‌కు సిగ్నల్ ఒక దారి చూపిస్తే పాయింటు ఇంకో దారికి పడి ఉంది. లోకో పైలట్ కనిపెట్టి ఆపాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ జోన్ ముఖ్య ఆపరేషన్స్ అధికారి మర్నాడే లేఖ రాశారు: సిగ్నల్ వ్యవస్థలో తీవ్రమైన లోపాలున్నాయి, సరిచేయకపోతే పెద్ద ప్రమాదాలు జరుగుతాయి అని. లేఖ రైల్వేశాఖలో ప్రయాణం ప్రారంభించింది. రైల్వేశాఖలో ప్రయాణం అంటే ఎలా ఉంటుందో పైన చెప్పుకున్నాం.

నాలుగు నెలలు గడవకముందే, జూన్ 2 సాయంత్రం ఒడిశాలో బాలాసోర్ దగ్గర బహనగా బజార్. షాలిమార్ నుంచి బెజవాడ మీదుగా చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్. మెయిన్ లైనుకు పచ్చదీపం ఉంది. పాయింటు మాత్రం లూప్ లైనుకు తిరిగి ఉంది. లూప్‌లో ఇనుప ఖనిజం నింపిన గూడ్సు నిలబడి ఉంది. బండి వేగం 128. 290 మందికి పైగా చనిపోయారు. సేఫ్టీ కమిషనర్ వెతికితే, మూల కారణం ఏళ్ల కిందట, 2018లో, అక్కడి సర్క్యూట్‌లో చేసిన మార్పు దగ్గర తేలింది. తీగలు ఒకచోట, వాటి పేర్లు ఇంకోచోట. తప్పు పేర్లు అతికించిన ఆ పెట్టెను ఇన్నేళ్లలో ఎవరూ సరిచూడలేదు. ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర పని చేసినప్పుడు ఆ పాత తప్పు నిద్రలేచింది. అంతకు ఏడాది ముందు, 2022 మే నెలలో, అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో బాంకరానయాబాజ్ స్టేషన్లో ఇలాంటి తప్పు తీగ సంగతే బయటపడిందని, అప్పుడే మేలుకుని ఉంటే ఇది జరిగేది కాదని కూడా నివేదికలో రాశారు.

నూటయాభై ఏళ్లుగా అబద్ధం చెప్పడం రాని యంత్రానికి అబద్ధం నేర్పిన ఘనత అక్కడ దక్కింది. ఔటర్‌లో అరగంట ఆపే ఎరుపు మీద మనకు కోపం. బహనగా బజార్‌లో ఆ సాయంత్రం సిగ్నల్ చెడిపోయి ఎర్రబడి ఉంటే? కోరమాండల్ ఓ గంట లేటుగా కదిలేది. పెట్టెలో జనం రైల్వేవారిని తిట్టుకునేవారు. మర్నాడు ఆ గంట ఏ శాఖ పద్దులో రాయాలో వాదించుకునేవారు. ఏ ఎలుకకో అంటగట్టి సంతకాలు పెట్టేసేవారు.

డబ్బు లేదని మాత్రం అనకూడదు. 2017–18లో భద్రత కోసమని ఐదేళ్లకు లక్ష కోట్లతో రాష్ట్రీయ రైల్ సంరక్షణ కోశ్ అనే నిధి పెట్టారు. పట్టాలు, సిగ్నళ్లు, వంతెనలు, లెవెల్ క్రాసింగుల కోసమది. ఆ నిధిలోంచి పింగాణీ సామాను, ఫర్నిచరు, చలికాలపు కోట్లు కొన్న సంగతి 2022 చివర్లో కాగ్ బయటపెట్టింది. కాళ్లు ఒత్తే యంత్రాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కంకర మీద దీపం పట్టుకుని నడిచే పాయింట్స్‌మన్ కాళ్లకు కాదులెండి, తొందరపడి మెచ్చుకోకండి.

అన్నిటికీ మందు దొరికింది, దాని పేరు కవచ్. సిగ్నల్ ఎర్రగా ఉంటే లోకో పైలట్ చూసుకున్నా చూసుకోకున్నా ఇంజనే బ్రేకు వేసుకుంటుంది. ఒకే పట్టా మీద ముందు బండి ఉంటే వెనకది దానంతటదే ఆగుతుంది. ఇది మన గడ్డ మీద పెరిగిన బిడ్డే. లింగంపల్లి–వికారాబాద్ వైపు పట్టాల మీద పరీక్షలు జరిగాయి. తయారుచేసే కంపెనీల్లో కెర్నెక్స్, మేధా, హెచ్‌బీఎల్ మూడూ హైదరాబాదువే. 2020లో జాతీయ వ్యవస్థగా ప్రకటించారు. 2024 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్లకు వేశారు. దేశంలో రైలు మార్గం 68,000 కిలోమీటర్ల పైమాటే. ఈ బిడ్డ ఏ బండెక్కి బయల్దేరిందో గానీ, అప్పటికి ఔటర్ మాత్రం దాటలేదు.

బాగా పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య దేశానికి చేసి చూపించారు. ఒక ఇంజన్లో రైల్వే మంత్రిగారు, ఎదుటి ఇంజన్లో రైల్వే బోర్డు చైర్మన్‌గారు. ఒకే పట్టా మీద ఒకరికొకరు ఎదురుగా నడిపించారు. ఎవరూ బ్రేకు ముట్టుకోలేదు. సరిగ్గా 380 మీటర్లు ఉందనగా మంత్రిగారి ఇంజన్ దానంతటదే ఆగిపోయింది. కెమెరాలు మెరిశాయి, చప్పట్లు మోగాయి. పందొమ్మిది నెలల తర్వాత కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరులో మంత్రులూ చైర్మన్లూ ఎవరూ లేరు. ఆ పట్టాల మీద కవచ్ కూడా లేదు.